దయ్యం ఉన్నన్నాళ్ళూ

దయ్యం వచ్చాకే ఆ లాండ్రీలో ఆడవాళ్ళకు కాస్త ఊపిరి పీల్చుకునే తీరిక దొరికింది. ఆ ముక్క అప్పట్లో ఎవరికీ తట్టలేదు. వాళ్ళ చేత పని చేయించే మేస్త్రమ్మకు అసలే తట్టలేదు. దయ్యం మాటెత్తితే చాలు, ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కేది.

"చచ్చినదానికి ఇంకెక్కడా చోటు లేదా, మళ్ళీ ఈ ఉక్కలోకే వస్తుందా? బతికుండగా పడ్డది చాలలేదా దానికి?" అని కసిరేది.

ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ దుప్పట్లు బండ్ల మీద వస్తాయి. ఉతికి, పిండి, తడి ఆరీ ఆరకముందే ఇస్త్రీ హాల్లోకి తోస్తారు. హాలు మధ్యన పెద్ద ఇస్త్రీ రోలరు లోపల ఆవిరితో కాగుతూ తిరుగుతుంటుంది. ఇవతల నిలబడ్డవాళ్ళు దుప్పటి దులిపి, ముడతలు లాగి, అంచును రోలరుకు అందిస్తారు. అవతలివాళ్ళు బయటికొచ్చినదాన్ని పట్టుకుని మడతపెడతారు. ఇటువాళ్ళకు అటువాళ్ళు ఆవిరిలో సగం కనిపిస్తారు, సగం కనిపించరు. రోలరు నోటి ముందు ఒక ఇనప పట్టీ ఉంటుంది. చెయ్యి దానికి తగిలితే మిషను ఆగిపోవాలి. కానీ దుప్పటి దళసరి అంచు తగిలినా ఆగిపోతోందని, పని కుంటుపడుతోందని, ఓనరు ఆ పట్టీని తీగతో పైకి కట్టించేశాడు.

పొడుగక్క అని అందరూ పిలిచే మనిషికి చేతులు బారెడు. ఎంత పెద్ద దుప్పటైనా రెండు కొసలూ ఒక్కతే పట్టి అందించేది. ఓనరు అది చూసి మురిసిపోయి, "ఆవిడ చెయ్యగా లేంది మీకేం రోగం?" అని అప్పటిదాకా ఇద్దరు నిలబడే చోట ఒక్కొక్కరినే నిలబెట్టాడు. చివరికి ఆ రోలరు పొడుగక్కనే పట్టుకుంది. ఆవేళ రెండో షిఫ్టు కూడా లాగుతోంది, కళ్ళు మూతలు పడుతున్నాయి. అంచుతో పాటు వేళ్ళు వెళ్ళాయి, వేళ్ళ వెంట చెయ్యి వెళ్ళింది. మేస్త్రమ్మ పరుగెత్తుకెళ్ళి ఎర్ర బొత్తాం నొక్కేసరికే జరగాల్సిందంతా జరిగిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపు మనిషి దక్కలేదు.

ఆ చోట ఓనరు నిలబెట్టింది మేస్త్రమ్మ కోడలిని. మొదట చూసింది కూడా ఆ పిల్లే. ఆవిరి అవతల, మడతపెట్టేవాళ్ళ తలల మీదుగా, పొడుగక్కలా తలగుడ్డ కట్టుకున్న తల ఒకటి కనిపించిందట. చేతిలో దుప్పటిని అటునుంచి ఎవరో లాగారట. కెవ్వుమని అక్కడే పడిపోయింది. మర్నాడు ఇంకొకతె చూసింది. ఆ తర్వాత చూడనివాళ్ళెవరో చెప్పడమే తేలికైంది. సగంమంది పనిలోకి రావడం మానేశారు.

ఓనరుకు దయ్యమంటే భయం లేదు గానీ, ఇస్త్రీకాని దుప్పట్ల గుట్టంటే చచ్చేంత భయం. కాళ్ళబేరానికొచ్చాడు. రోలరు వేగం తగ్గించాడు. అందించేచోట మళ్ళీ ఇద్దరిని పెట్టాడు. పట్టీకి కట్టిన తీగ విప్పించాడు. రెండో షిఫ్టు ఎత్తేశాడు. ఇవన్నీ మేస్త్రమ్మ అడిగి అడిగి నోరు నొప్పెట్టి వదిలేసినవే. అప్పుడు "చూద్దాంలే" అన్న పెద్దమనిషి ఇప్పుడు గుటుక్కున మింగి ఒప్పుకున్నాడు.

హాలు సంగతి అలా ఉంటే, ఇంట్లో కోడలు చిక్కి సగమైంది. కొడుకు లారీ ఎక్కి ఊళ్ళు పట్టుకు తిరిగేవాడు, ఎప్పుడొస్తాడో తెలీదు. ఇంట్లో ఉండేది అత్తాకోడళ్ళిద్దరే. కునుకు పట్టిందో లేదో ఆ పిల్లకు మెలకువ వచ్చేస్తుంది. వచ్చాక కాలూ చెయ్యీ కదలవు. గొంతు పెగలదు. తెల్లారాక చెప్పి ఏడుస్తుంది.

"గుండె మీద కూర్చుంటోంది అత్తా. ఎందుకు నిలబడ్డావే నా చోట్లో అంటోంది."

"నోరు తెరిచి అందా?"

"అనలేదు. కానీ నాకు తెలుస్తోంది."

"అయితే నోరుమూసుకుని అన్నం తిను" అనేది మేస్త్రమ్మ. అని, తన కంచంలో అన్నం మాత్రం కెలుకుతూ కూర్చునేది. మామూలు జబ్బయితే ఏ డాక్టరు దగ్గరికో ఈడ్చుకుపోయేది. దీన్ని ఎక్కడికి తీసుకుపోవాలో తెలిసేది కాదు. పెళ్ళయి వచ్చిన కొత్తలో చీమ కుట్టినా పకపకా నవ్వే పిల్ల, ఇప్పుడు తలుపు కిర్రుమంటే ఉలిక్కిపడుతోంది.

*

ఓనరు ఒక సైకాలజిస్టును పిలిపించాడు. వచ్చేది కోటూ బూటూ వేసుకున్న పెద్దాయన అనుకున్నారంతా. తీరా చూస్తే బక్కపలచటి మనిషి, చొక్కా చేతులు మడిచి, గడ్డం సరిగ్గా గీసుకోకుండా వచ్చాడు. కుర్చీ తెచ్చి వేస్తే వద్దని, బట్టల గంప ఒకటి బోర్లించి దాని మీద కూర్చున్నాడు. మేస్త్రమ్మకు అక్కడే సగం నచ్చేశాడు.

"దయ్యం లేదని చెప్పడానికి వచ్చారా?" అని ఒకామె మూతి తిప్పుకుంటూ అడిగింది.

"కాదమ్మా. మీకేం కనిపించిందో వినడానికి వచ్చాను. మీరు అబద్ధం చెబుతున్నారని నేను అనుకోవట్లేదు."

ఒక పూటంతా విన్నాడు. మధ్యలో అడ్డు తగల్లేదు, నవ్వలేదు. ఎప్పుడు నిద్రపోతారు, ఎప్పుడు లేస్తారు, ఎక్కడ నిలబడ్డప్పుడు కనిపించింది, ముందు చెమట పట్టిందా, చెవులు గుయ్యిమన్నాయా అని అడిగాడు. అందరిదీ అయ్యాక రోలరు ఆపించి, ఒక దుప్పటి తెప్పించాడు. అందరికంటే ఎక్కువ భయపడుతున్న ఇద్దరిని ముందుకు రమ్మన్నాడు. మేస్త్రమ్మ కోడలు ఒక కొస పట్టుకుంది, ఇంకొకామె రెండో కొస.

"కళ్ళు మూసుకోండి. ఇప్పుడు ఈవిడ చాలా మెల్లగా లాగుతుంది. లాగినట్టు తెలియగానే చెప్పు తల్లీ."

హాలంతా చూస్తోంది. ఆయన ఆ రెండో ఆమె చేతిలోంచి కొసను నిమ్మళంగా తీసి బల్లకు ముడివేశాడు. ఎవరూ చప్పుడు చెయ్యలేదు.

"లాగుతోంది" అంది కోడలు. "ఇదిగో, ఇంకా లాగుతోంది. గట్టిగా లాగుతోంది."

"కళ్ళు తెరువు."

కోడలు తెరిచి చూసింది. బల్ల, బల్లకు దుప్పటి. ముందు బిక్కచచ్చిపోయింది. తర్వాత ఎవరో కిసుక్కుమన్నారు, దాంతో హాలంతా గొల్లుమంది.

"ఓసి నీ దుంపతెగ, బల్లకు దయ్యం పట్టిందే!" అని మేస్త్రమ్మ కూడా కళ్ళల్లో నీళ్ళు తిరిగేలా నవ్వింది.

ఆయన నవ్వలేదు. "ఆ అమ్మాయిని చూసి నవ్వకండి. మీలో ఎవరు పట్టుకున్నా అంతే. లాగుతారని మనసు ఎదురుచూస్తుంటే చేతులే కొంచెం లాగుతాయి. మనం లాగామని మనకు తెలీదు" అన్నాడు. "ఇక కనిపించడం. నిద్ర చాలని మనిషి కళ్ళు తెరుచుకునే నిద్రపోతాడు. రెప్పపాటు కాలం. అందులోనే కల వస్తుంది. కళ్ళు తెరిచే ఉన్నాయి కదా, ఆ కల హాల్లోనే, ఆవిరిలోనే నిలబడుతుంది. మీ అందరి మనసులోనూ ఆవిడే ఉంది. ఇంకెవరొస్తారు?"

ఆ మాటకు నవ్వులన్నీ ఆగిపోయాయి. ఒకరిద్దరు కళ్ళొత్తుకున్నారు.

"రాత్రిళ్ళు గుండె మీద కూర్చునేదో?" అని కోడలు అడిగింది.

"మెలకువ ముందు మనసుకు వచ్చి, ఒంటికి ఆలస్యంగా వస్తుంది ఒక్కోసారి. ఒళ్ళు కదలదు, ఊపిరి బరువుగా ఉంటుంది. ఆ బరువుకు మనసు ఒక మనిషిని తెచ్చి కూర్చోబెడుతుంది. చాలామందికి వస్తుంది. ఒకసారి నాకూ వచ్చింది."

"మీక్కూడా పొడుగక్కేనా?"

"నాకు మా లెక్కల మాస్టారు" అన్నాడాయన. ఈసారి ఆయన కూడా నవ్వాడు.

"అయితే నాకు పిచ్చి పట్టలేదా?"

"లేదు తల్లీ. నీకు నిద్ర లేదు, అంతే."

కోడలు అత్త వైపు చూసింది. మేస్త్రమ్మ గర్వంగా తలాడించింది. ఇన్నాళ్ళూ తను మొత్తుకున్నదే పెద్ద చదువు చదివినాయన చెప్పాడు. ఆ రోజు మిగిలినంతసేపూ, ఇంకా గునిసేవాళ్ళ దగ్గరికి తనే వెళ్ళి, దుప్పటి కొస చేతికిచ్చి, బల్లకు కట్టి, కళ్ళు మూయించి చూపించింది. ఆయన చేసిన దానికంటే ఆవిడ చేసిందే ఎక్కువ. సాయంత్రానికి హాల్లో దయ్యం లేదు.

వెళ్ళేముందు ఓనరు గదిలో ఆయన చెప్పిన మాటలు మేస్త్రమ్మ గుమ్మంలో నిలబడి వింది. వాళ్ళకు నిద్ర కావాలి, మధ్యమధ్య కూర్చోబెట్టాలి, గాలి ఆడాలి, ఇప్పుడున్న పద్ధతి మార్చకండి అన్నాడు. ఓనరు అన్నింటికీ తలూపాడు. "మొత్తానికి అంతా వాళ్ళ మనసులోదే అంటారు" అన్నాడు. "మనసుకు రావడానికి కారణం మనసులో లేదండీ" అన్నాడాయన. ఓనరు టీ తెప్పించాడు.

ఆ రాత్రి కోడలు పడుకున్నది పడుకున్నట్టే తెల్లారి లేచింది. ముఖం కడుక్కుని, అద్దంలో చూసుకుని, "అత్తా, కళ్ళ కింద నలుపు కాస్త పోయిందా?" అని అడిగింది. పనికెళ్ళే దారి పొడుగునా ఏదో కూనిరాగం తీసింది. వద్దు వద్దంటున్నా వినకుండా మేస్త్రమ్మ సంచీ తనే మోసింది.

*

హాల్లోకి అడుగుపెట్టేసరికి మెకానిక్కు నిచ్చెన మీద ఉన్నాడు. ఇనప పట్టీని పైకెత్తి తీగ చుడుతున్నాడు.

"ఏంటది?" అంది మేస్త్రమ్మ.

"నన్నడుగుతావేం? సార్ కట్టమన్నారు." మెకానిక్కు ఆవిడ ముఖం చూడలేదు.

రోలరు వేగం పెరిగింది. అందించేచోట ఇద్దరిలో ఒకరిని తీసి ఉతికే వైపు పంపేశారు. ఆవేళ నుంచే రెండో షిఫ్టు కూడా ఉంటుందన్నారు. మేస్త్రమ్మ చరచరా ఓనరు గదిలోకి వెళ్ళింది.

"ఇదేంటి సార్?"

"ఏముంది మేస్త్రమ్మా. దయ్యం ఉందన్నారు, తగ్గించాను. లేదని తేలింది, మామూలుగా పెట్టాను. దయ్యం లేదని అందరికంటే గట్టిగా చెప్పింది నువ్వే కదా. నీ మాట మీదే పెట్టాననుకో."

"నిద్ర లేక కనిపిస్తోందని కదా ఆయన అన్నారు. నిద్ర లేకుండా చేస్తే ఎలా?"

"కనిపిస్తే మాత్రం ఏం? అది మనసులోదని ఇప్పుడు అందరికీ తెలుసు. తెలిశాక భయమేముంటుంది?"

"భయం కాదు సార్. చెయ్యి. చెయ్యి పోతుంది."

"జాగ్రత్తగా ఉంటే ఏ చెయ్యీ పోదు. ఆవిడ ఏమరుపాటుగా ఉంది, పోయింది. నువ్వున్నావుగా చూసుకోవడానికి?"

వాదనలో మేస్త్రమ్మను గెలిచినవాడు ఆ లాండ్రీలో లేడు. ఇప్పుడు ఓనరు ఆవిడ మాట తీసి ఆవిడ నోట్లోనే కుక్కాడు. హాల్లోకి వచ్చి ఉతికే వైపు ఒకసారి, మడతల వైపు ఒకసారి కాలుగాలిన పిల్లిలా తిరిగింది. తనే కదా ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి దుప్పటి కొస చేతికిచ్చింది అనుకుంది. ఎవడు చెప్పమన్నాడు నన్ను, ఎవడు చెప్పమన్నాడు అని లోలోపల తిట్టుకుంది.

ఆడవాళ్ళు గొణిగారు గానీ ఎవరూ ఎదురు చెప్పలేదు. చెప్పడానికి ఏముంది? దయ్యముందంటే నవ్వుతారు. కాళ్ళు పీకుతున్నాయంటే పీకని కాళ్ళున్నవాళ్ళు బయట చాలామంది ఉన్నారంటాడు ఓనరు.

ఆ రోజు గడిచింది. మర్నాడు కూడా రెండు షిఫ్టులూ గడిచాయి. మూడో రోజుకు కోడలి చేతులు తమ పని తామే చేసుకుపోతున్నాయి, మనిషి అక్కడ లేదు. భయం మాత్రం లేదు. భయం ఉన్నన్నాళ్ళూ ఆ పిల్ల రోలరుకు జానెడు దూరం జరిగి నిలబడేది, కళ్ళు పెద్దవి చేసుకుని చూసేది. ఇప్పుడు నడుమును బల్లకు ఆనించి, ముందుకు ఒరిగి అందిస్తోంది. మేస్త్రమ్మ ఎర్ర బొత్తాం పక్కనుంచి కదల్లేదు. ఓనరు రెండుసార్లు వచ్చి అటు వెళ్ళు, ఇటు వెళ్ళు అన్నా వినిపించుకోలేదు.

"ఏయ్ పిల్లా!"

"ఆఁ, మెలకువగానే ఉన్నా అత్తా."

"ముఖం కడుక్కురా."

"సార్ తిడతారు."

ఇంకొంచెం సేపటికి మళ్ళీ పిలిచింది. ఈసారి జవాబు రాలేదు. కోడలు కళ్ళు తెరిచే ఉన్నాయి. దుప్పటి అంచు రోలరులోకి వెళ్ళింది. అంచును వదలాల్సిన వేళ్ళు వదల్లేదు.

మేస్త్రమ్మ బొత్తాం మీద అరచేత్తో గుద్దింది. రోలరు మూలిగి ఆగింది. కోడలి చొక్కా చేతి అంచు దుప్పటితో పాటు లోపల ఇరుక్కుపోయి ఉంది. వేళ్ళు బయటే ఉన్నాయి. ఆ పిల్ల తనకేం జరిగిందో తెలీక చేతిని చూసుకుంటూ నిలబడింది.

ఓనరు గదిలోంచి ఉరికొచ్చాడు. "ఎవరాపారు? బండి బయట నిలబడి ఉంది, తెలుసా?"

పిల్ల నిద్రలోకి జారింది అని చెప్పడానికే మేస్త్రమ్మ నోరు తెరిచింది. చెబితే ఏమంటాడో కూడా తెలుసు. దాన్ని పంపించెయ్, ఇంకొకదాన్ని నిలబెట్టు అంటాడు. ఇంకొకతె కూడా రెండు షిఫ్టుల మనిషే.

"చూశాను" అంది.

"ఏంటి?"

"పొడుగక్క. అక్కడుంది." రోలరు వైపు చూపించింది. "ఈ పిల్ల మణికట్టు పట్టుకుని లోపలికి లాగుతోంది. తీగ కట్టినచోట రెండో చెయ్యి పెట్టి నిలబడింది."

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఓనరు నవ్వబోయాడు.

"నువ్వా? నువ్వు చెబుతున్నావా ఈ మాట?"

"నేనే చెబుతున్నాను సార్. నేను ఇంతవరకూ ఎప్పుడైనా చెప్పానా?"

మడతలు పెట్టే వైపు ఒకామె చేతిలో దుప్పటి కింద పడేసింది. ఆ వెంటనే ఇంకొకామె. మేస్త్రమ్మే చూసిందట అన్న మాట ఉతికే వైపుకు పాకిపోయింది. బల్లకు కట్టిన దుప్పటి సంగతి ఎవరికీ గుర్తు లేదు. నిన్నటిదాకా దయ్యం లేదని వాదించిన మనిషి కళ్ళారా చూశానంటే ఇంక దానికి తిరుగేముంది? చూస్తుండగానే హాలు ఖాళీ అయింది. ఓనరు వాకిలికి అడ్డం నిలబడి బతిమాలాడు, బెదిరించాడు, మళ్ళీ బతిమాలాడు.

మర్నాడు తీగ విప్పారు. వేగం తగ్గింది. అందించేచోట మళ్ళీ ఇద్దరు నిలబడ్డారు. రెండో షిఫ్టు ఊసు లేదు. ఓనరు సైకాలజిస్టుకు ఫోను చేస్తే, నేను చెప్పినట్టు చేశారా అని ఆయన అడిగాడట. ఓనరు ఫోను పెట్టేశాడట.

*

ఆ సాయంత్రం ఇంకా వెలుతురు ఉండగానే ఇల్లు చేరారు. కోడలు లోపలికి రాగానే కిటికీలు మూసింది. దీపాలన్నీ వేసింది. వంటింట్లోకి ఒక్కతే వెళ్ళలేక గుమ్మంలో నిలబడింది. మేస్త్రమ్మే వండింది. ఆ పిల్ల రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకుంది.

"అత్తా."

"ఊఁ."

"ఆయన చెప్పిందంతా నమ్మాను. ఆ బల్ల, ఆ లెక్కల మాస్టారు, అన్నీ. హాయిగా నిద్రపోయాను. మళ్ళీ ఎలా అత్తా ఇప్పుడు?"

మేస్త్రమ్మ గిన్నెలు సర్దింది. అడుగుతుందని పొద్దుటి నుంచీ తెలుసు.

"నిజం చెప్పు అత్తా. నువ్వు చూశావా? సార్ మీద కోపంతో అన్నావేమోనని నాకు ఒక మూల అనిపిస్తోంది. లేదు అని ఒక్క మాట అను. నువ్వంటే నమ్ముతాను. నమ్మి పడుకుంటాను."

మేస్త్రమ్మ ఆ ముఖం వైపు చూసింది. ఆ ముఖంలో ఏదీ దాగదు. కోపం దాగదు, సంతోషం దాగదు, కొడుకు ఫోను చేశాడంటే అడగకుండానే తెలిసిపోతుంది. ఇప్పుడు లేదని చెబితే ఈ పిల్ల హాయిగా పడుకుంటుంది. రేపు నవ్వుతూ హాల్లోకి వెళుతుంది. ఎవరో ఒకరు ఎందుకే నవ్వుతున్నావంటారు. మధ్యాహ్నానికి మెకానిక్కు నిచ్చెన ఎక్కుతాడు.

అబద్ధమే పిల్లా, నేనేమీ చూడలేదు, వెళ్ళి పడుకో. ఆ మాటను మింగేసింది. దుఃఖం ఆగక ముఖం పక్కకు తిప్పుకుంది. అది చూసి కోడలు ఇంకా భయపడింది.

"చూశాను" అంది మేస్త్రమ్మ.

"మరి ఆయన చెప్పింది?"

"ఆయనకేం తెలుసు? ఆయన చూశాడా?"

"ఎక్కడుంది అత్తా? నాకు ఎంత దగ్గరలో ఉంది?"

"నీ వెనకాలే" అంది మేస్త్రమ్మ. "అందుకే దూరంగా నిలబడు. కళ్ళు తెరుచుకుని ఉండు. ఎప్పుడూ ఆ రోలరు మీదికి ఒరగకు."

కోడలు మెల్లగా వెనక్కి తిరిగి చూసింది. తర్వాత గోడ దగ్గరికి జరిగి, వీపు ఆనించి కూర్చుంది. మేస్త్రమ్మ వెళ్ళి పక్కన కూర్చుని ఆ రెండు చేతులూ తన ఒళ్ళోకి తీసుకుంది. పది వేళ్ళూ వణుకుతున్నాయి.